కొలిచి చూపించండి

క్రిందటి సంక్రాంతికి మా ఊరు వెళ్ళాను. భోగిమంట ఇంకా పూర్తిగా చల్లారనే లేదు, మా మావయ్య ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. కలెక్టరుగారికి వ్రాసుకున్న అర్జీ. మా వీధి చివర, కొబ్బరితోటను ఆనుకొని మూడేళ్ళ క్రితం లేచిన సెల్ టవరును తక్షణం తొలగించవలసినదని ప్రార్థన. అప్పటికే అరవైకి పైగా సంతకాలు, నాలుగైదు వేలిముద్రలు పడి ఉన్నాయి. "నువ్వు చదువుకున్నోడివి కదా అబ్బాయ్, ఓసారి చూసి తప్పులుంటే దిద్ది, కిందను సంతకం పడేయ్" అన్నాడు.

అర్జీలో మూడు ఫిర్యాదులున్నాయి. టవరు వచ్చిన తరువాత వీధిలో ఇద్దరికి కాన్సరు వచ్చినది. కొబ్బరి పిందెలు రాలిపోతున్నవి. పిచ్చుకలు మాయమైనవి. కాన్సరు వచ్చిన ఇద్దరిలో ఒకరు మా అత్తయ్య. నిరుడు శ్రావణంలో పోయింది.

సంతకం పెట్టలేకపోయాను. పెట్టనని చెప్పడానికీ నోరు రాలేదు. "రేపు చూస్తాను మావయ్యా" అని కాగితాలు తీసుకొని లోపలికి పోయాను. ఆ రాత్రి ఆయనకు ఏమని చెప్పాలా అని తలచుకున్నదే ఇక్కడ వ్రాస్తున్నాను. చదువరులలో ఈ విషయం నాకంటె బాగా తెలిసినవారు ఉంటారు. పొరపాటు ఉంటే మన్నించి సరిదిద్దగలరు.

ముందుగా ఒక మాట. పట్నంలో కూర్చొని ఇటువంటి అర్జీలను చూసి నవ్వడం చాలా తేలిక. పల్లెటూరి అజ్ఞానం అని ఒక్క ముక్కతో కొట్టిపారేయవచ్చు. నాకు అలా అనిపించదు. "భయపడవలసినది ఏమీ లేదు" అన్న మాట మీద కోనసీమకు నమ్మకం పోవడానికి కారణాలున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర చమురు కోసం తవ్విన బావి బద్దలై రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ వారి గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా మరణించారు. మంటలకు కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. గొట్టం తుప్పు పట్టి ఉన్నదనీ, పొడి గ్యాసు పోవలసిన గొట్టంలో నీరు కలిసిన గ్యాసు పోయినదనీ ఆ తరువాత కదా తేలింది! అంతకు ముందంతా ఆ గొట్టం క్షేమమైనదే. మా ఊరికీ నగరానికీ మధ్య అయిదు మైళ్ళు కూడా లేదు. ఆ బూడిద చూసి వచ్చినవాళ్ళలో మావయ్య ఒకడు. అటువంటి మనిషికి "నిపుణులు చెప్పారు, ఏమీ కాదు" అంటే ఎలా రుచిస్తుంది?

కనుక భయాన్ని నేను తప్పు పట్టను. భయం ఎటు వైపు చూస్తున్నదన్నదే నా ప్రశ్న.

చిక్కంతా ఒక మాటలోనే ఉన్నదని నాకు తోస్తుంది. రేడియేషన్. హిరోషిమా మీద పడినదీ రేడియేషనే, ఎక్స్‌రే తీసే గదిలో ఉన్నదీ రేడియేషనే, అత్తయ్యకు ఆసుపత్రిలో ముప్ఫై రోజులు ఇచ్చినదాన్నీ "రేడియేషన్ పెడుతున్నారు" అనే చెప్పుకున్నాము. ఇప్పుడు టవరు నుంచి వచ్చేదీ రేడియేషనే. ఒకే మాట చెవిన పడినప్పుడు, మనసులో ఒకే బొమ్మ కదలడం సహజం. తెలుగులో అణుధార్మికత అని ఒకటీ, వికిరణం అని ఒకటీ వేరు వేరు మాటలు ఉండనే ఉన్నాయి. వాటిని పాఠ్యపుస్తకాలలో పెట్టి తాళం వేశాము. వికిరణం అంటే వెదజల్లబడడం, అంతే. పొయ్యి వేడి వికిరణం, ఎండ వికిరణం. మొబైలు తరంగపు ఒక్కొక్క రేణువులో ఉండే శక్తి, మన కంటికి కనబడే వెలుగు రేణువు శక్తిలో కొన్ని లక్షల వంతులలో ఒక వంతు. ఎక్స్‌రే రేణువు ఆ వెలుగు రేణువుకంటె వేల రెట్లు బలమైనది. కణంలోని అణువులను విడగొట్టగలదు. మొబైలు తరంగానికి ఆ పని చేతకాదు. అది చేయగలదని నిర్ధారణగా తెలిసినది ఒక్కటే, వేడెక్కించడం. ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉన్నది, అందులో థోరియం ఉన్నది. అసలైన అణుధార్మికత కావాలంటే అది. ఆ ఇసుక మీద మనం పిల్లలతో గూళ్ళు కట్టిస్తాము. (అదీ చాలా స్వల్పమే, కంగారు పడనక్కరలేదు.)

ఇక టవరు సంగతి. టవరు తలమీద ఉన్న పొడుగాటి పెట్టెలు తరంగాలను అన్ని దిక్కులకూ సమానంగా కుమ్మరించవు. అంతర్వేది దీపస్తంభాన్ని చూసినవారికి ఇది చెప్పడం తేలిక. స్తంభం వెలుగు సముద్రం మీదికి పోతుంది. మొదట్లో నిలబడ్డవాడికి చీకటే. టవరు కిరణం కూడా దాదాపు అడ్డంగా, రవ్వంత క్రిందికి వంగి దూరంగా పోతుంది. సరిగ్గా క్రింద ఉన్న ఇంటికి దాని ధార నేరుగా తగలదు. ధార తగిలే చోటికి పోయేసరికి దూరం ఆదుకుంటుంది. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే అదే ఎత్తున, ఎదురుగా, దగ్గరలో ఒక మేడ ఉంటే సంగతి వేరు. ఆ మేడమీద గదిలో కొలవవలసినదే. రాజమండ్రి, కాకినాడ వంటి ఊళ్ళలో డాబా మీదనే స్తంభం పాతించుకొని అద్దె తీసుకుంటున్న ఇళ్ళున్నాయి. వారి పక్కింటివారి గుబులు మా వీధివారి గుబులుకంటె న్యాయమైనది.

దీనికి పరిమితులు ఉన్నాయి. 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు అంతర్జాతీయ సంఘం పెట్టిన హద్దు చదరపు మీటరుకు 4.5 వాట్లు. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి దానిని పదో వంతుకు, అంటే 0.45 వాట్లకు తగ్గించింది. మనం తరచు చిన్నబుచ్చుకునే మన ప్రభుత్వం ఈ ఒక్క విషయంలో చాలా దేశాలకంటె కఠినంగానే ఉన్నది.

అదే రోజున చేతిలోని ఫోనుకూ కొత్త హద్దు వచ్చింది. దీనిని సార్ అంటారు. మన దేహం కిలోకు ఎన్ని వాట్లు పీల్చుకుంటున్నదో చెప్పే కొలత. అప్పటి వరకు పది గ్రాముల కండలో సగటున కిలోకు 2 వాట్లు దాటరాదని ఉండేది. ఇప్పుడు ఒక్క గ్రాములోనే సగటు తీసి 1.6 వాట్లు దాటరాదన్నారు. మీ ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కి చూడండి, ఆ అంకె కనబడుతుంది. మా ఇంట అందరి ఫోన్లూ అలా నొక్కి చూశాను. అన్నీ హద్దు లోపలే ఉన్నాయి. "ఇది పరీక్షలో వచ్చిన మార్కులాంటిది కాదు, తక్కువుంటే గొప్ప అనుకోకండి" అని పిల్లలకు చెప్పాను. ఎందుకంటే ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకుంటే దాని విలువా, లోటూ రెండూ తెలుస్తాయి.

ప్రయోగశాలలో ఒక బొమ్మతల ఉంటుంది. లోపల డొల్ల. మెదడు విద్యుత్ గుణాలను అనుకరించేలా కలిపిన ఒక ద్రవం అందులో పోస్తారు. దాని వంటకంలో ఉప్పు, పంచదార కూడా పడుతుంటాయి. ఫోనును ఆ తల చెక్కిలికి ఆనించి, దాని శక్తినంతా పూర్తిగా ప్రయోగించేటట్టు చేస్తారు. అప్పుడు ఒక యంత్రపు చెయ్యి సన్నని పుల్లవంటి పరికరాన్ని ద్రవంలో ముంచి, చుక్క చుక్కకూ విద్యుత్ క్షేత్రాన్ని కొలుస్తుంది. అన్నిటిలో ఎక్కువ వచ్చిన చోటి లెక్కే మన ఫోనులో కనబడే అంకె. అంటే అది ఫోను చేయగల గరిష్ఠ అల్లరి, రోజూ చేసే అల్లరి కాదు.

లోట్లు లేకపోలేదు. ఆ బొమ్మతలను అమెరికా సైనికుల కొలతలను బట్టి తయారు చేశారు. పెద్ద తల ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి అందరికీ అది క్షేమమైన కొలతే అని తయారు చేసినవారి వాదన. పసివాళ్ళ పుర్రె పలుచన, లోపలికి ఎక్కువ దిగుతుందని ఎదుటివారి వాదన. అంతకంటె నాకు పెద్దదిగా తోచే లోటు మరొకటి. దేహం మీద కొలిచేటప్పుడు చాలాకాలం పాటు ఫోనును ఒంటికి ఆనించక, కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉంచి కొలుస్తూ వచ్చారు. మా ఊళ్ళో ఆ ఎడం ఎవరు పాటిస్తారు? రైతు పంచె రొంటిన దోపుకుంటాడు, కూలికి పోయే ఆడవాళ్ళు రవికెలో పెట్టుకుంటారు, కుర్రవాళ్ళు తలగడ క్రింద పెట్టుకొని పడుకుంటారు. 2023 సెప్టెంబరులో ఫ్రాన్సు ప్రభుత్వ సంస్థ ఐఫోన్ 12ను చేతికి, జేబుకు ఆనించి కొలిస్తే కిలోకు 5.74 వాట్లు వచ్చింది. అక్కడ అటువంటి కొలతకు హద్దు 4 వాట్లు. అమ్మకం ఆపమన్నారు, కంపెనీ సాఫ్ట్‌వేరు సవరించింది. ఆ ఫోను అప్పటికి మూడేళ్ళుగా బజారులో ఉన్నది. మళ్ళీ కొలిచారు కాబట్టి బయటపడింది. నాకు ఆ 5.74 కంటె ఈ "మళ్ళీ కొలిచారు" అన్న మాటే ముఖ్యంగా కనబడింది.

ఇప్పుడు అర్జీకి వస్తాను. అసలు చోద్యం ఇక్కడ ఉన్నది. ఫోను తెలివైన వస్తువు. టవరు దగ్గరగా, స్పష్టంగా వినిపిస్తుంటే అది గుసగుసలాడుతుంది. తన శక్తిని వందల రెట్లు తగ్గించుకుంటుంది. టవరు దూరమైతే కేకలు వేస్తుంది. ఏటి ఆవలి గట్టున ఉన్నవాణ్ణి పిలవాలంటే మనం మాత్రం గొంతు పెంచమూ? మా ప్రాంతంలో ఏ ఇంటికైనా నాలుగు వైపులా కొబ్బరిచెట్లు. పచ్చి ఆకులోని నీరు ఈ తరంగాలను మింగుతుంది. గోదావరి లంకలలో ఉండే మా పెద్దమ్మ ఫోను మాట్లాడాలంటే గట్టెక్కి రావాలి. ఇంట్లో కూర్చుంటే ఒక గీత వచ్చిపోతూ ఉంటుంది. అటువంటి చోట ఫోను ఆమె చెవి దగ్గర తన శక్తినంతా ధారపోస్తున్నది. అంతర్జాతీయ హద్దు దగ్గర టవరు నుంచి దేహమంతటికీ అందేది కిలోకు 0.08 వాట్లు అని లెక్క. మన హద్దు దానిలో పదో వంతు, 0.008. చెవికి ఆనించిన ఫోనుకు అనుమతించిన స్థానిక హద్దు 1.6. ఒకటి దేహమంతటి సగటు, ఒకటి ఒక్క గ్రాము లెక్క కాబట్టి ఈ రెంటినీ సూటిగా పోల్చరాదు. కాని ఏది మనకు దగ్గరో, ఏది దూరమో చెప్పడానికి చాలు. వీధి చివరి టవరును తీయిస్తే, వీధిలోని ప్రతి ఫోనూ ప్రతి చెవి దగ్గరా ఇప్పటికంటె గట్టిగా అరవవలసి వస్తుంది. రేడియేషన్ తగ్గించమని పెట్టుకున్న అర్జీ ఫలిస్తే, తలకు తగిలే రేడియేషన్ పెరుగుతుంది!

(మాట్లాడగా మాట్లాడగా ఫోను వేడెక్కడాన్ని చాలామంది రేడియేషనే అనుకుంటారు. ఆ వేడిలో సింహభాగం బ్యాటరీది, లోపలి యంత్రానిది.)

మరి జబ్బు సంగతి? 2011 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం ఈ తరంగాలను "బహుశా కాన్సరు కారకం" అన్న 2బి తరగతిలో చేర్చింది. మావయ్య దాచుకున్న పత్రికల కత్తిరింపులలో ఆ వార్త ఉన్నది. 2012లో రాజస్థాన్ హైకోర్టు బడుల దగ్గరి టవర్లు తీయించమన్న వార్తా ఉన్నది. ఆ 2బి తరగతిలోనే తూర్పు దేశాల పద్ధతిలో ఊరవేసిన కూరగాయలు కూడా ఉన్నాయని ఆ కత్తిరింపులో లేదు. (మన ఆవకాయ కాదు, గాభరా పడకండి.) సాక్ష్యం బలహీనంగా ఉన్నది, తోసిపుచ్చనూ లేము అని ఆ తరగతికి అర్థం. 2018లో అమెరికాలో ఎలుకలకు రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్ళు ఈ తరంగాలు పట్టించగా మగ ఎలుకల గుండెలలో కణుతులు కనబడ్డాయి. ఆడ ఎలుకలలో అటువంటి స్పష్టమైన ఫలితం రాలేదు. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష ఒకటి 2024లో వెలువడింది. 63 అధ్యయనాలను పరిశీలించి, మొబైలు వాడకానికీ మెదడు కాన్సరుకూ సంబంధం కనబడలేదని తేల్చింది. ఇన్నేళ్ళలో ఇన్ని కోట్ల ఫోన్లు వచ్చినా మెదడు కాన్సర్లు ఆ తీరున పెరగలేదు. ఇదంతా చూస్తే నా మొగ్గు ఎటో చదువరులు గ్రహించే ఉంటారు.

అర్జీ మీద మొదటి సంతకం పెట్టిన పెద్దాయన మా అరుగు మీద లంక పొగాకు చుట్ట కాలుస్తూ టవరును తిట్టిపోశాడు. పొగాకు మొదటి తరగతిలో ఉన్నది. ఆ మాట అనలేదు. అంటే ఊళ్ళో ఉండనిస్తారా!

కొబ్బరి విషయంలో మాత్రం గట్టిగానే చెప్పగలను. టవర్లు పల్లెల్లోకి పూర్తిగా రాకముందే, 1998లో కేరళలో కనబడిన నల్లి మన తోటలకూ ప్రాకింది. ఆ తరువాత తెల్లదోమ వచ్చింది. ఆకు అడుగున తెల్లని చుట్టలు, క్రింది ఆకుల మీద నల్లని మసి. మావయ్య తోటలో ఆ మసి నేనే చూశాను. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నది. ఒక పిందె, ఒక ఆకు పట్టుకొని పోతే చెబుతారు. టవరు మీద నేరం మోపి కూర్చుంటే ఆ రెండు మెట్లూ ఎక్కము, తెల్లదోమకు అదే కావాలి. పిచ్చుకలకు పెంకుటిళ్ళ చూరులు పోయాయి, వాకిట వరికంకుల కుచ్చులు పోయాయి, పురుగుమందులు వచ్చాయి. అందులో టవరు వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఇంతవరకు వ్రాసినదాన్ని మావయ్యకు చదివి వినిపిస్తే ఏమంటాడో నాకు తెలుసు. "నగరంలో గొట్టం గురించీ ఇలాగే చెప్పారు కదరా" అంటాడు. నా దగ్గర దానికి జవాబు లేదు. ఎందుకంటే నేను చెప్పినవన్నీ పుస్తకపు లెక్కలు. మా వీధిలో ఎవరూ కొలవలేదు. హద్దు చదరపు మీటరుకు 0.45 అని చట్టం ఉన్నది సరే, మా అరుగు మీద ఎంత? ఆ అంకె ఎవరి దగ్గరా లేదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఊరంతా ఊహాగానాలే. రక్తం తీసి చూస్తే సీసం, నికెల్ కనబడ్డాయన్నారు; పురుగుమందుల ఛాయలన్నారు. నిపుణులు తమలో తాము వాదించుకున్నారు కూడా. కాని ఆ వాదన రక్తం మీద, నీళ్ళ మీద, అంకెల మీద నడిచింది. అంకె లేని చోట ఏమవుతుందో 2021 వేసవిలో చూశాము. ఉభయ గోదావరులలో ఇంటింటా కోవిడ్; 5జి టవర్ల ప్రయోగాల వల్లనే జనం చనిపోతున్నారని వాట్సాప్‌లో ప్రచారం. అప్పటికి దేశంలో ఎక్కడా 5జి ప్రయోగాలే మొదలు కాలేదని టెలికాం శాఖ మే 10న ప్రకటించవలసి వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2020 అక్టోబరులో, ఫోను రేడియేషన్‌ను తగ్గిస్తుందని చెప్పి ఆవుపేడతో చేసిన బిళ్ళను ఒక ప్రభుత్వ సంస్థ అధ్యక్షుడే ఆవిష్కరించారు. వందలాది శాస్త్రవేత్తలు రుజువు చూపమని అడిగారు. ఆ బిళ్ళలు, ఫోను వెనక అంటించే బంగారు రంగు స్టిక్కర్లు మన తిరునాళ్ళలో కూడా అమ్ముతున్నారు. కొలిచే మీటరు ఊళ్ళోకి రాకపోతే స్టిక్కరు అమ్మేవాడు వస్తాడు.

కొలిపించుకునే హక్కు మనకు ఉన్నది. 2017 మేలో టెలికాం శాఖ తరంగ్ సంచార్ అనే పోర్టల్ తెరిచింది. టవరు హద్దులో ఉన్నదా లేదా అని అందులో చూసుకోవచ్చు. 4,000 రూపాయలు కడితే అధికారులు మనం చెప్పిన చోటికి వచ్చి కొలిచి చూపాలని నియమం. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసినా, నాలుగు వేలు ఒక కొబ్బరి రైతుకు చిన్న మొత్తమా? టవరు నిలబెట్టి లాభం పొందేవారు కొలత ఖర్చు భరించాలి గాని, దాని నీడన భయపడేవాడు కాదు. ప్రతి పంచాయతీలో ఏడాదికి ఒకసారి, గ్రామసభ రోజున, జనం ముందే కొలిచి, ఆ అంకెనూ హద్దునూ తెలుగులో బోర్డు మీద వ్రాయాలి. రేషను కొట్టు ముందు బియ్యం నిలువ వ్రాయడం లేదా? ఇది అంతకంటె కష్టమా?

మర్నాడు పొద్దున్న మావయ్య దగ్గరకు వెళ్ళాను. ఆ అర్జీ మీద సంతకం పెట్టలేదని చెప్పి, నేను వ్రాసిన మరొక కాగితం ఇచ్చాను. టవరు తీయించమని కాదు, కొలిచి చూపించమని. గరిష్ఠంగా ఎక్కడ వస్తుందో అక్కడ కొలవాలని, అంకె హద్దు దాటితే అప్పుడు తొలగింపు అర్జీకి నేనే మొదటి సంతకం పెడతానని. నాలుగు వేలూ నేను కడతానన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని రెండు సార్లు చదివాడు. అత్తయ్య జబ్బు టవరు పుట్టక ముందే మొదలై ఉండవచ్చునని డాక్టరు నాతో అన్న మాట నేను ఆయనకు చెప్పలేదు, ఇక మీద కూడా చెప్పను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కాగితం నా చేతికి తిరిగి ఇచ్చి అన్నాడు: "కొలిచే చోట్లు రాశావు కదా. అరుగూ, బడీ, తోటా. మీ అత్తయ్య పడుకున్న గది కూడా రాయి."